వరద నీళ్లు వచ్చిన ఇంట్లో గోడకు బూజు: మళ్లీ పెయింట్ వేయించే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడ సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ అద్దె ఇల్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చి రోజుల తరబడి నిలిచాయి. ఆ తర్వాత ఓనరుగారు పెయింట్ వేయించారు. అయినా వానలు మొదలయ్యేసరికి పడకగది గోడ మీద, బీరువా వెనక నల్లటి బూజు మళ్లీ కనిపిస్తోంది. ఆరేళ్ల బాబుకు రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు. షుగర్ ఉన్న అత్తగారు ఇది బ్లాక్ ఫంగసేమోనని భయపడుతున్నారు. ఓనరు మళ్లీ పెయింట్ వేయిస్తానంటున్నారు, ఒప్పుకోవాలా అన్నది మీ ప్రశ్న.

ఒప్పుకోవద్దు. ఇప్పుడు పెయింట్ వేస్తే వచ్చే వానాకాలానికి ఆ మచ్చలు ఇంకాస్త పెద్దవై వస్తాయి. బూజు గోడ రోగం కాదు, గోడలో ఉన్న నీటికి గుర్తు. ఆ నీరు ఎటు నుంచి వస్తోందో తెలుసుకుని ఆపకుండా చేసిన ఏ పనైనా డబ్బు దండగ.

నేను సివిల్ ఇంజినీరుని. విజయవాడ, గుంటూరుల్లో ఇళ్లకు, అపార్టుమెంట్లకు లీకేజీలు, చెమ్మ రిపేర్లు చేయించడమే చాలా ఏళ్లుగా నా పని. ఆరోగ్యం గురించి రాసేది వైద్యరంగంలో అందరూ ఒప్పుకున్న సంగతులే. మందులు, మోతాదులు మాత్రం మీ డాక్టరుగారే చెప్పాలి.

ముందు ఈ రాత్రికి చేయాల్సింది. బాబును ఆ గదిలో పడుకోబెట్టకండి. హాల్లో పడుకున్నా పర్వాలేదు, బూజు ఉన్న గోడకు దూరంగా ఉండాలి. ఆ గది తలుపు మూసి ఉంచండి. చీపురుతోనో పొడిగుడ్డతోనో ఆ బూజును దులపకండి. ఎండిన బూజును కదిలిస్తే కంటికి కనిపించని బీజాలు గదంతా ఎగురుతాయి, పిల్లాడికి దగ్గు ఇంకా ఎక్కువ కావచ్చు. అత్తగారిచేత కూడా ఆ పని చేయించకండి.

ఇక నీటి సంగతి. వరద వచ్చిన ఇళ్లలో చాలామంది చేసే పొరపాటు, నేల ఆరగానే ఇల్లు ఆరిపోయిందనుకోవడం. మన గోడలు ఎర్ర ఇటుకవి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 ప్రకారం మామూలు ఇటుక 24 గంటలు నీళ్లలో నానితే తన బరువులో 20 శాతం దాకా నీరు పీల్చుకోవచ్చు. అంటే మూడు కిలోల ఇటుక ఒక్కటే అర లీటరు పైచిలుకు నీటిని దాచుకోగలదు. నడుము లోతు నీళ్లు నిలిచిన గదిలో గోడలకు ఎన్ని ఇటుకలు ఉంటాయో ఊహించుకోండి. ఆ నీరంతా ఆవిరై బయటకు పోవాలి. గోడ మందం అంగుళానికి నెల చొప్పున పడుతుందని మా వాళ్లు వేసే మోటు లెక్క. తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు, అదీ గోడ ఊపిరి పీల్చుకునేలా ఉంటే. రెండు వైపులా సిమెంటు ప్లాస్టింగ్, పుట్టీ, ఆపైన ప్లాస్టిక్ ఎమల్షన్ ఉంటే నీరు బయటకు పోయే దారే ఉండదు. మీ ఇంట్లో జరిగింది అదే అనుకుంటున్నాను. తడి గోడ మీద పెయింట్ వేసి మూత పెట్టారు.

బుడమేరు నీటితో ఇంకో చిక్కు ఉంది. అది వాన నీరు ఒక్కటే కాదు. మురుగు, బురద, ఉప్పు అన్నీ కలిసినది. నీరు ఆవిరైనా ఉప్పు ఇటుకలోనే మిగిలిపోతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను తనవైపు లాక్కుంటుంది. అందుకే ఏప్రిల్లో బాగానే ఉన్న గోడ జులైలో మళ్లీ చెమ్మెక్కుతుంది, పెయింట్ పొక్కులు పొక్కుతుంది, తెల్లగా పొడి రాలుతుంది. ఆ తెల్ల పొడి బూజు కాదు, ఉప్పు. కాస్త పొడి తీసి నీళ్లలో వేసి చూడండి. కరిగిపోతే ఉప్పే. నల్లగా, పచ్చగా, బూడిదరంగులో చుక్కలు చుక్కలుగా ఉండి ముక్కిపోయిన బియ్యం వాసన వచ్చేది బూజు.

వరద ఒక్కటే కారణమని కూడా తేల్చేయకండి. మచ్చ ఎక్కడుందో చూస్తే నీరు ఎటు నుంచి వస్తోందో సగం తెలిసిపోతుంది. నేల నుంచి మొదలై రెండు మూడు అడుగుల ఎత్తులో వంకర గీతలా ఆగిపోయి, అంచున ఉప్పు పూసి ఉంటే భూమిలో తడి గోడ ఎక్కుతోందని అర్థం. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రికల్లో నేల పల్లం, కాబట్టి ఇది మామూలే. పైగా వీధిలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పునాది మీద తడి ఎక్కకుండా వేసే డీపీసీ పొర బయటి నేలకంటే కనీసం ఆరంగుళాలు పైన ఉండాలి. రోడ్డు, మట్టి, పూలకుండీల అరుగు కలిసి ఆ పొరను దాటిపోయాక అది ఉండీ లేనట్టే. ఒకసారి బయటకు వెళ్లి, ఇంట్లో నేల మట్టానికీ వీధి మట్టానికీ తేడా చూడండి. గోడకు ఆనించి మట్టి పోసి ఉంటే అది తీయించడం అన్నింటికంటే చౌకైన రిపేరు.

పైకప్పుకు దగ్గరగా గోధుమరంగు వలయాలు ఉంటే పైనుంచి దిగుతున్న నీరు. డాబా మీద పిట్టగోడ మూలలు, నీళ్ల ట్యాంకు కింద, పైవాళ్ల బాత్‌రూమ్ చూడాలి. బాత్‌రూమ్ గోడకు అవతల వైపు మచ్చ ఉంటే తొంభై పాళ్లు నాణీ ట్రాప్ (నేల మీది నీరు పోయే జాలీ కింది గొట్టం) దగ్గర కీలు వదిలిందనో, టైల్స్ సందుల్లో సిమెంటు పోయిందనో అనుకోవచ్చు. ట్రాప్‌కు గుడ్డ బిగించి అంగుళం ఎత్తు నీళ్లు నింపి, మట్టం గుర్తు పెట్టి, 24 గంటలు వదిలేయండి. నీరు బాగా తగ్గినా, కింద గోడ తడిసినా దొంగ దొరికినట్టే.

గుణదల, మొగల్రాజపురం, విద్యాధరపురం కొండవాలు ఇళ్లలో ఇంకో రకం. కొండను చెక్కి దానికి ఆనించి వెనక గోడ కట్టేస్తారు. వాన వెలిశాక కూడా వారాల తరబడి రాతి సందుల్లోంచి ఊట వస్తూనే ఉంటుంది. లోపలివైపు ఎన్ని కెమికల్స్ పూసినా ఆ గోడ ఆరదు. గోడకూ కొండకూ మధ్య నీరు పోయే కాలువ ఉండాల్సిందే. గుంటూరులో నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, ఆ లాగుడుకు కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా చీలుతుంది. బ్రాడీపేట, కొరిటెపాడు వైపు పాత మేడల్లో ఆ చీలికల్లోంచి వాన జల్లు లోపలికి దిగడం చాలా చూశాను. వీటికి మందు చీలిక పూడ్చడం, గోడ చుట్టూ నీరు నిలవకుండా వాలు ఇవ్వడం. లోపలి పెయింటు కాదు.

మూడో రకం తడి గాలిలోంచి వచ్చేది. బీరువా వెనక, మంచం తలవైపు, గది మూలల్లో, కర్టెన్ చాటున గోడ మధ్యలో చిన్న చిన్న నల్లచుక్కలు వస్తాయి. పెయింట్ పొంగదు, పెచ్చులూడదు. మీ బీరువా వెనకది ఇదే అయ్యుండవచ్చు. అంటే ఒకే గదిలో రెండు రకాల తడి ఉన్నట్టు. తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. మచ్చ ఉన్నచోట గోడను రుద్దకుండా పొడిగుడ్డతో మెల్లగా అద్ది, వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ అడుగు చదరం ముక్క పెట్టి నాలుగు అంచులూ గట్టి టేపుతో అతికించండి. రెండు రోజుల తర్వాత చూడండి. మీవైపు తడి ఉంటే గదిలో గాలి తేమ. గోడవైపు తడి ఉంటే గోడలోంచి వస్తున్న నీరు. రెండు వైపులా ఉంటే రెండూ.

గాలి తేమ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల కోసం రాసినవి. అక్కడ బయటి గాలి చల్లగా పొడిగా ఉంటుంది కాబట్టి కిటికీ తీస్తే ఇల్లు ఆరుతుంది. మనకు జులై నుంచి అక్టోబరు దాకా బయటే గాలి తడిముద్ద. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల కంటే చల్లటి ఏ వస్తువును తాకినా అక్కడ నీటి చుక్కలు పడతాయి. ఇప్పుడు మీరు ఏసీ 18లో పెట్టుకుని పడుకుని, పొద్దున్నే చల్లబడిన గది కిటికీలు బార్లా తీశారనుకోండి. బయటి తడిగాలి వచ్చి చల్లటి గోడల మీద, బీరువా ఇనుప రేకు మీద చెమటలా దిగుతుంది. ఇల్లు ఆరబెడుతున్నామనుకుంటూ గోడలు తడుపుతున్నాం.

కాబట్టి మన ఊళ్లో లెక్క వేరు. ఏసీ 26 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోండి. వానాకాలంలో డ్రై మోడ్ ఉంటే అది వాడండి. కిటికీలు ఎండ కాసిన రోజు పదకొండు నుంచి మూడు మధ్య, ఎదురెదురుగా రెండు తీయండి. వాన పడుతున్నప్పుడు, పొద్దుపోయాక మూయండి. తేమ కొలిచే చిన్న మీటర్లు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే వస్తాయి. ఒకటి కొని ఆ గదిలో పెట్టండి. 60 శాతం లోపు ఉంటే మంచిది. అమెరికా పర్యావరణ సంస్థ 30 నుంచి 50 మధ్య ఉంచమంటుంది కానీ కృష్ణ ఒడ్డున ఏసీ లేకుండా వానాకాలంలో అది జరిగే పని కాదు, దాని గురించి టెన్షన్ పడొద్దు. 70 దాటి రోజుల తరబడి ఉంటే మాత్రం బూజు ఖాయం.

ఇంట్లో మనం పుట్టించే తడి కూడా తక్కువేం కాదు. ఒక లోడు బట్టలు గదిలో దండెం మీద ఆరేస్తే రెండు లీటర్ల దాకా నీరు గాలిలో కలుస్తుంది. వాన రోజుల్లో తప్పదనుకుంటే బాత్‌రూమ్‌లో ఆరేసి, తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచండి. స్నానం అయ్యాక అరగంట, అన్నం వండేటప్పుడు వంటింట్లో కూడా ఎగ్జాస్ట్ తిరగాలి. బీరువాను గోడకు కనీసం నాలుగంగుళాలు దూరం జరపండి, వీలైతే బయటి గోడకు కాకుండా గదుల మధ్య గోడకు మార్చండి. పాత పెంకుటిళ్లలో తలుపుల పైన గవాక్షాలు ఉండేవి, గోడకు సున్నం ఉండేది. ఏసీ పెట్టుకున్నాక గవాక్షాలు చెక్కలతో మూసేశాం, సున్నం బదులు పుట్టీ వేశాం. ఈ రెండు మార్పులూ బూజుకు బాగా కలిసొచ్చాయి.

ఇప్పుడు ఆరోగ్యం. బూజు ఉన్న ఇంట్లో అందరికీ జబ్బు చేస్తుందని కాదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలో చెమ్మ, బూజు గురించే ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. చెమ్మ ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, ముక్కు ఇబ్బందులు, ఉబ్బసం ఎక్కువగా వస్తున్నాయని అందులో స్పష్టంగా ఉంది. అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లోనే దాదాపు ఇదే చెప్పింది. బూజు బీజాలు, దాని ముక్కలు, చెమ్మలో పెరిగే బాక్టీరియా, పరుపుల్లో పెరిగే నలుసంత పురుగులు, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. ఏది ఎంత అని విడదీయడం కష్టం. అందుకే గోడ మీద ఉన్నది ఏ జాతి బూజో తేల్చడానికి ల్యాబు పరీక్షలకు డబ్బు పెట్టొద్దు. ఆస్పర్‌జిల్లస్ అయినా, క్లాడోస్పోరియం అయినా, పెనిసిలియం అయినా చేయాల్సిన పని ఒక్కటే. నల్లగా ఉంటే విషం, పచ్చగా ఉంటే పర్వాలేదు అన్న మాటకు కూడా ఆధారం లేదు.

మీ బాబు విషయంలో నన్ను కలవరపెట్టింది పిల్లికూతలు. వాడు ఊరెళ్లినప్పుడు, అమ్మమ్మగారింట్లో పడుకున్నప్పుడు దగ్గు తగ్గుతోందా? తిరిగి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదలవుతోందా? ఇది రాసుకుని పిల్లల డాక్టరుకు చూపించండి. ఏ మందుల పేరు చెప్పినా రాని స్పష్టత ఆ నోటుతో వస్తుంది. బూజు ఫోటో కూడా చూపించండి, చాలామంది డాక్టర్లు అడగరు, మనమూ చెప్పం. ఆరేళ్ల పిల్లలు ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష సాధారణంగా చేయగలరు. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని మధ్యలో ఆపకండి, అలా అలవాటు కాదు. ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, ఒక మాట పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా పొద్దున చూద్దాంలే అనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇది అతిగా చెబుతున్నానని అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్ అనే ఊళ్లో 2020 డిసెంబరులో రెండేళ్ల బాబు చనిపోయాడు. ఇంట్లో బూజు వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాస సమస్యే కారణమని 2022 నవంబరులో అక్కడి విచారణ అధికారి తేల్చారు. ఆ తల్లిదండ్రులు బూజు గురించి ముందునుంచే చెబుతూ వచ్చారు. పెయింట్ వేసుకోండి అన్నది వాళ్లకు వచ్చిన జవాబు. ఆ కేసు చదివినప్పటి నుంచి పసిపిల్లలున్న ఇంట్లో బూజు అంటే నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అక్కడ ఆ బాబు పేరుతో చట్టమే వచ్చింది, స్థానిక సంస్థలు, గృహ సంఘాలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో బూజును గడువులోపు సరిచేయాలని.

అత్తగారి భయానికి వద్దాం. 2021లో కోవిడ్ రెండో దశలో మనం బ్లాక్ ఫంగస్ అని విన్నది మ్యూకర్‌మైకోసిస్. అది మ్యూకరేల్స్ అనే వేరే తరగతి ఫంగస్ వల్ల వచ్చేది. అందులో నలుపు ఫంగస్ రంగు కాదు, చచ్చిపోయిన కణజాలం రంగు. మీ గోడ మీది నలుపుకూ దానికీ సంబంధం లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కూడా. ఆ ఫంగస్ బీజాలు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేవే. అదుపులో లేని షుగర్, స్టెరాయిడ్లు, బలహీనపడిన రోగనిరోధక శక్తి, వీటిలో ఏదైనా ఉన్నప్పుడే సాధారణంగా అవి శరీరంలో చొరబడతాయి. కాబట్టి అత్తగారికి అసలు రక్షణ షుగర్ అదుపులో ఉండటం. ముఖం ఒకవైపే నొప్పి, వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం, చూపు రెండుగా కనిపించడం వంటివి ఎప్పుడైనా కనిపిస్తే అదే రోజు డాక్టరును కలవాలి. కీమోథెరపీ తీసుకునేవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు మాత్రం గోడ బూజుకు కూడా దూరంగా ఉండాల్సిందే, వాళ్లకు ఆస్పర్‌జిల్లస్ ఊపిరితిత్తుల్లోకి పాకే ప్రమాదం ఉంది.

పెద్దవాళ్లలో ఇంకో సంగతి. ఉబ్బసం ఉన్న కొందరికి ఆస్పర్‌జిల్లస్ పడక ఏబీపీఏ అనే జబ్బు వస్తుంది. ఎక్స్‌రేలో కనిపించే నీడలు చూసి మన దేశంలో దాన్ని టీబీ అనుకుని మందులు వాడించడం జరుగుతుంటుంది. కఫం పరీక్షలో టీబీ తేలకపోయినా మందులు నడుస్తుంటే, ఆయాసం తగ్గకుంటే, ఎలర్జీని చూపించే ఐజీఈ రక్తపరీక్ష అవసరమా అని ఊపిరితిత్తుల నిపుణుణ్ణి అడగడంలో తప్పు లేదు.

ఎండాకాలం మన ఊళ్లో ఇంటింటా తిరిగే ఎయిర్ కూలర్ గురించి ఎవరూ మాట్లాడరు. గడ్డి మెత్తలు, నిల్వ నీరు, చీకటి, ఇవన్నీ బూజుకు నచ్చేవే. పైగా దాని మీదుగా వచ్చే గాలిని మొహానికి తగిలేలా పెట్టుకుంటాం. హైపర్‌సెన్సిటివిటీ న్యుమొనైటిస్ అని ఊపిరితిత్తులు క్రమంగా గట్టిపడే జబ్బు ఒకటుంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులున్న 1084 మంది వివరాలతో 2017లో వెలువడిన మన దేశపు రిజిస్ట్రీలో దాదాపు సగం మందిది ఇదే. వాళ్లలో చాలామందికి కూలర్ గాలి అలవాటు ఉంది. కూలర్ వాడేవాళ్లు నీళ్లు రోజూ మార్చాలి, వారానికోసారి ట్యాంకు తోమి ఎండలో ఆరబెట్టాలి, మెత్తలు ప్రతి వేసవికీ కొత్తవి వేయాలి. సీజను అయిపోయాక తడిమెత్తలతో అటకెక్కించొద్దు.

విషం అన్న భయం నిజంగా పెట్టుకోవాల్సింది తిండి దగ్గర. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న, సరిగా ఆరని మిర్చిలో అఫ్లాటాక్సిన్ ఉండవచ్చు. అది కాలేయ క్యాన్సర్‌కు కారణమని ఎప్పుడో రుజువైంది, వంట వేడికి పోదు. గుంటూరు చుట్టుపక్కల కళ్లాల్లో ఆరబెట్టిన మిర్చి వానకు తడిస్తే రైతులు పడే ఆందోళన ధర గురించే కాదు. ఇంట్లో బూజు పట్టిన పల్లీలు, కారం ఏరుకుని వాడకండి, పారేయండి.

శుభ్రం చేయడం ఎలాగో చెబుతాను. బూజు పది చదరపు అడుగుల లోపు, అంటే సుమారు మూడడుగుల చదరం లోపు ఉంటే మీరే చేసుకోవచ్చు. అంతకు మించితే, లేదా మురుగు నీటి వల్ల వచ్చిందైతే పనివాళ్లను పెట్టండి, వాళ్లకూ మాస్కులు ఇవ్వండి. బాబును, అత్తగారిని ఆ పూటకు వేరే ఇంటికి పంపండి. ఎన్95 మాస్క్, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. కిటికీలో టేబుల్ ఫ్యాన్‌ను బయటికి ఊదేలా పెట్టండి, గది తలుపు మూయండి. స్ప్రే సీసాతో బూజును ముందు తడపండి. డిటర్జెంట్ నీళ్లలో ముంచిన స్పాంజితో పైనుంచి కిందికి తుడవండి, నీళ్లు మారుస్తూ ఉండండి. తర్వాత పొడిగుడ్డతో అద్ది ఫ్యాన్ పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. వాడిన గుడ్డలు కవర్లో మూటకట్టి పారేయండి.

బ్లీచింగ్ గురించి అందరూ అడుగుతారు. టైల్స్, గాజు, ప్లాస్టిక్ మీద పనికొస్తుంది. లీటరు నీటికి 60 మిల్లీలీటర్లకు మించి లిక్విడ్ బ్లీచ్ వద్దు. ఇటుక, ప్లాస్టింగ్ మీద పైన రంగు పోతుంది తప్ప లోపలి వేర్లకు అందదు, దాంట్లోని నీరు మాత్రం గోడలోకి దిగుతుంది. ఏ పరిస్థితుల్లోనూ బ్లీచ్‌ను టాయిలెట్ కడిగే యాసిడ్‌తో, వెనిగర్‌తో, అమ్మోనియా ఉన్న వాటితో కలపకండి. విషవాయువు వస్తుంది. చిన్న బాత్‌రూమ్‌లో ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లికూతలున్న పిల్లాడు ఇంట్లో ఉండగా బ్లీచ్ జోలికే పోవద్దు. చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెప్పిస్తుంది కాబట్టి చంపడం కంటే తుడిచి తీసేయడం ముఖ్యం. వాసన పోవాలని అగరొత్తులు, సాంబ్రాణి, దోమల కాయిల్ వెలిగించడం ఆ పిల్లాడికి ఇంకో దెబ్బ. బీరువాలో కలరా ఉండలు బూజును ఆపవు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసిపిల్లలకు వాటి మధ్య దాచిన బట్టలు తొడిగితే రక్తకణాలు విరిగి కామెర్లు రావచ్చు, వాటిని తీసేయండి. వరద నీటిలో నానిన దూది పరుపు, ప్లైవుడ్ అరలు ఇంకా ఇంట్లో ఉంటే వాటిని కాపాడాలని చూడకండి.

అసలు రిపేరుకు మన వేసవి కంటే మంచి సమయం లేదు. ఫిబ్రవరి చివర్లో మొదలుపెట్టండి. వరద గీత కంటే అడుగు పైదాకా పాత ప్లాస్టింగ్ కొట్టించి ఇటుక బయటపెట్టండి. తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో రుద్ది ఊడ్చి బయట పారేయాలి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. ఏప్రిల్, మే ఎండలకు గోడను అలాగే వదిలేయండి. చూడ్డానికి బాగోదు, చుట్టాలు ఏమనుకుంటారో అనిపిస్తుంది, అయినా వదిలేయండి. భూమి నుంచి తడి ఎక్కుతోందని మచ్చ తీరును, ఫాయిల్ పరీక్షను కలిపి చూస్తే తేలితే ఈ దశలోనే గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి తడి పైకి ఎక్కకుండా ఆపే సిలేన్, సిలోక్సేన్ రకం మందు ఎక్కించవచ్చు. బయటి గోడ చుట్టూ రెండడుగుల వెడల్పున, ఇంటి నుంచి బయటికి వాలుతో సిమెంటు పట్టీ పోయించాలి. ఆ తర్వాతే ప్లాస్టింగ్. లోపలివైపు సున్నం కలిసిన ప్లాస్టింగ్ చేయగల మేస్త్రీ దొరికితే అంతకంటే మేలు లేదు. లేకపోతే కనీసం ప్లాస్టింగ్ కొట్టించిన ఎత్తు మేరకు పుట్టీ, ఎమల్షన్ మానేసి సున్నం కొట్టించండి. సున్నానికి క్షార గుణం ఎక్కువ, బూజు దాని మీద నిలవలేదు, గోడ తేమను వదులుకోగలుగుతుంది. యాంటీ ఫంగల్ పెయింట్లు ఆరిన గోడకు అదనపు రక్షణ, అంతే. తడి గోడకు అవి కూడా వృథా.

ఓనరుతో మాట్లాడేటప్పుడు గొడవగా కాక రాతపూర్వకంగా వెళ్లండి. మచ్చల ఫోటోలు తేదీలతో, ఫాయిల్ పరీక్ష ఫోటో, డాక్టరు చీటీ కలిపి వాట్సాప్‌లోనూ ఉత్తరంగానూ పంపండి. ఓనరు చేయాల్సిన బాధ్యత ఉన్న రిపేరు నోటీసు ఇచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. మీ అగ్రిమెంట్‌లో రిపేర్ల గురించి ఏం రాసుకున్నారో ముందు చూసుకుని, అవసరమైతే లాయరును అడిగి ఆ దారిలో వెళ్లండి. పెయింటుకు పెట్టే డబ్బే ప్లాస్టింగ్ కొట్టించడానికి పెట్టమని అడిగితే చాలామంది ఓనర్లు వింటారు, ఇల్లు వాళ్లది కదా.

వేసవి దాకా ఆగలేని పరిస్థితి అయితే, అంటే బాబుకు మందులు వాడుతున్నా ఆయాసం తగ్గకపోతే, ఇల్లు మారడమే సరైన పని. కొత్త ఇల్లు చూసేటప్పుడు వాన పడిన మర్నాడు వెళ్లండి. బీరువాల వెనక, వంటింటి సింకు కింద, అటక మూలల్లో టార్చి వేసి చూడండి. కొత్తగా పెయింట్ వేసిన ఒక్క గోడే ఉంటే ఎందుకు వేశారని అడగండి. తలుపు మూసి ఉన్న గదిలోకి అడుగుపెట్టగానే వచ్చే మొదటి వాసనను నమ్మండి.

ఫాయిల్ పెట్టి చూశాక తడి ఎటువైపు వచ్చిందో, మచ్చ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, ఆ గోడకు అవతల బాత్‌రూమ్ ఉందో వీధి ఉందో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి ఏ రిపేరు ముందు చేయించాలో చెబుతాను.